సాగరకన్యకు వారానికి పన్నెండున్నర డాలర్ల అద్దె

సాగరకన్యల గురించీ, వింత జీవుల గురించీ ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అయిదింటికి ఇక్కడ జవాబిస్తున్నాము.

ప్రశ్న: వలలో పడిన జలకన్య అంటూ ఒక వీడియో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. మొదట కాకినాడలో దొరికిందన్నారు. వారం తిరక్కుండానే అదే వీడియోను విశాఖపట్నం పేరుతో మళ్లీ పంపారు. నేను నమ్మనంటే మా అత్తగారు, "సముద్రంలో ఏముందో నువ్వు చూశావా?" అంటారు. ఫోన్లు లేని రోజుల్లో కూడా ఇలాంటి మోసాలు జరిగాయా? చదువుకున్నవారు సైతం ఎలా నమ్మేవారు?
— ఒక పాఠకురాలు, మచిలీపట్నం

జవాబు: జరిగాయండీ. పైగా ఆ రోజుల్లో వీడియోతో సరిపెట్టకుండా ఏకంగా ఎండిన దేహాన్నే గాజుపెట్టెలో ఉంచి, టిక్కెట్టు పెట్టి చూపించారు. వాటన్నిటిలోకి పేరుమోసినది "ఫీజీ సాగరకన్య". దాని చరిత్ర తెలిస్తే మీకు వచ్చిన వీడియో ఎలా తయారవుతుందో కూడా తెలిసిపోతుంది కనుక కొంచెం వివరంగానే చెబుతాను.

1822లో శామ్యూల్ బారెట్ ఈడ్స్ అనే అమెరికన్ ఓడ కెప్టెన్, ఇప్పుడు జకార్తా అని పిలుస్తున్న బటేవియా రేవులో ఒక ఎండిన సాగరకన్యను చూసి మనసు పారేసుకున్నాడు. దాన్ని కొనేందుకు తాను నడుపుతున్న ఓడనే అమ్మేశాడు. ఆ ఓడలో అతని వాటా ఎనిమిదో వంతు మాత్రమే, మిగిలినదంతా స్టీఫెన్ ఎలరీ అనే భాగస్వామిది. ఆ ఏడాది శరదృతువులో లండన్‌లోని ఒక కాఫీహౌస్‌లో దాన్ని ప్రదర్శనకు పెడితే జనం విరగబడి చూశారు. ఎలరీ మాత్రం చూస్తూ ఊరుకోకుండా కోర్టుకెక్కాడు. ఈడ్స్ ఆ దేహాన్ని ఎక్కడికీ తరలించకుండా, ఎవరికీ అమ్మకుండా న్యాయస్థానం కట్టడి చేసింది. చివరికి ఈడ్స్ జీవితమంతా ఆ అప్పు కిందనే నలిగిపోయింది. ఈ కథలో నిజంగా నమ్మి మోసపోయినవాడు ఎవరైనా ఉన్నారంటే, నా దృష్టిలో అతడు ఈ కెప్టెన్ ఒక్కడే.

అతని మరణం తరువాత కొడుకు దాన్ని బోస్టన్ మ్యూజియం యజమాని మోసెస్ కింబాల్‌కు అమ్మాడు. 1842 వేసవిలో కింబాల్ దాన్ని న్యూయార్క్‌కు తీసుకువెళ్లి, అక్కడ అమెరికన్ మ్యూజియం నడుపుతున్న పీ.టీ. బర్నమ్‌కు చూపించాడు. బర్నమ్ తన వద్ద ఉన్న జంతుశాస్త్రవేత్తను అభిప్రాయం అడిగాడు. దీన్ని ఎలా తయారుచేశారో ఊహకు అందడం లేదని ఆయన అన్నాడు. అలాంటప్పుడు నకిలీ అని ఎందుకంటున్నావని బర్నమ్ అడిగితే, సాగరకన్యలున్నాయని నేను నమ్మను కనుక అన్నాడు. అది కారణమే కాదు, నేను నమ్ముతాను, అద్దెకు తీసుకుంటాను అని బర్నమ్ తేల్చేశాడు. అద్దె వారానికి పన్నెండున్నర డాలర్లు. ఈ సంభాషణను తన ఆత్మకథలో స్వయంగా బర్నమే రాసుకున్నాడు.

ఇక్కడి నుంచి బర్నమ్ చేసిన పని చూడండి. న్యూయార్క్ పత్రికకు అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అందులో పంటలు, వ్యాపారం, రాజకీయాలు వంటి మామూలు కబుర్లే ఉన్నాయి. వాటి నడుమ ఎక్కడో ఒక మూల, లండన్‌లోని ప్రకృతిశాస్త్ర సంస్థకు చెందిన డాక్టర్ గ్రిఫిన్ అనే పెద్దమనిషి ఈ ఊరి మీదుగా వెళుతున్నాడనీ, ఆయన దగ్గర ఫీజీ దీవుల్లో పట్టిన సాగరకన్య ఉందనీ రెండు మాటలు కనిపించాయి. కొన్నాళ్లకు చార్లెస్టన్ నుంచి ఇంకో పత్రికకు, ఆ తరువాత వాషింగ్టన్ నుంచి మూడో పత్రికకు అలాంటి ఉత్తరాలే అందాయి. మూడూ రాసింది బర్నమ్. ఆయా ఊళ్లలోని స్నేహితుల చేత టపాలో వేయించడం వల్ల వాటి మీద అక్కడి ముద్రలు పడ్డాయి. డాక్టర్ గ్రిఫిన్ వేషం కట్టినవాడు లీవై లైమన్ అనే బర్నమ్ మనిషే. ఆయన ఫిలడెల్ఫియా హోటల్లో బస చేసి, బయలుదేరేటప్పుడు మర్యాదకు అన్నట్టు హోటలు యజమానికి ఆ వింతను చూపించాడు. ఆ యజమాని ఊరుకోలేక పత్రికల వాళ్లను పిలిచాడు. చివరగా బర్నమ్ అందమైన సాగరకన్యల బొమ్మలు చెక్కిన అచ్చుదిమ్మలు పట్టుకుని మూడు పత్రికల సంపాదకులను విడివిడిగా కలిశాడు. "గ్రిఫిన్‌గారు ప్రదర్శనకు ఒప్పుకోవడం లేదు, ఈ బొమ్మలు నాకింక పనికిరావు, మీరు ఉచితంగా వేసుకోండి" అని ఒక్కొక్కరికీ చెప్పాడు. ప్రతివారూ అది తమ ఒక్కరికే దక్కిందనుకున్నారు. ఒకే ఆదివారం మూడు పత్రికల్లోనూ ఆ బొమ్మలు అచ్చయ్యాయి.

తీరా టిక్కెట్టు కొని లోపలికి వెళ్లినవారికి కనిపించినది మూడడుగుల పొడవుతో నల్లగా ఎండిపోయిన ముడుతల శవం. నోరు తెరుచుకుని, చేతులు పైకెత్తి, ఎంతో యాతన పడి ప్రాణం విడిచినట్టున్న వికారమైన ఆకారం. బొమ్మల్లోని సుందరి ఎక్కడా లేదు. అయినా జనం తగ్గలేదు. సాగరకన్య రాక ముందు నాలుగు వారాలకు 1,272 డాలర్లుగా ఉన్న మ్యూజియం ఆదాయం, అది వచ్చిన నాలుగు వారాల్లో 3,341 డాలర్లకు పెరిగిందని బర్నమ్ లెక్క చెప్పాడు.

చదువుకున్నవారు ఎలా నమ్మారని అడిగారు. చాలామంది నమ్మలేదనే నా అభిప్రాయం. పండితులే వాదులాడుకుంటున్న విషయాన్ని కళ్లారా చూసి తామే తేల్చుకోవాలని వచ్చారు, బర్నమ్ అమ్మినది ఆ అవకాశాన్నే. నమ్మినవారిని నమ్మించినది మాత్రం ఆ ఎండిన శవం కాదు, దానికంటే ముందు వచ్చిన మాంట్‌గోమరీ ఉత్తరం. పంటల కబురు నిజం కనుక పక్కనున్న వాక్యం కూడా నిజమే అనిపించింది. మీ వీడియోకు కాకినాడ పేరు తగిలించినవాడు చేసిన పనీ ఇదే. తెలిసిన ఊరి పేరు వినగానే మన అనుమానం సగం చల్లారుతుంది. మీ అత్తగారి ప్రశ్నకు మాత్రం సమాధానం తేలికే. ఆ వీడియో ఊరు మారింది గాని, అందులోని జలకన్య మారలేదని చూపించండి.

ప్రశ్న: ఆ రోజుల్లో శాస్త్రజ్ఞులు ఇలాంటి దేహాలను పరీక్షించలేదా? స్కానింగులు, డీఎన్‌ఏ పరీక్షలు వచ్చాక ఎవరైనా వీటి లోపల ఏముందో చూశారా?
— ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: చూశారు, మొదటి నుంచీ చూస్తూనే ఉన్నారు. టేకి చేపలను కోసి, మడిచి, ఎండబెట్టి డ్రాగన్ పిల్లలని అమ్ముతున్నారని స్విట్జర్లాండ్ ప్రకృతిశాస్త్రవేత్త కోన్రాడ్ గెస్నర్ 1558లోనే అచ్చులో హెచ్చరించాడు. ఈడ్స్ తెచ్చిన దేహాన్ని 1822లో లండన్‌లో విలియం క్లిఫ్ట్ అనే శరీరశాస్త్ర నిపుణుడు పరిశీలించి, పుర్రె ఒరాంగుటాన్‌దనీ, దవడా పళ్లూ బబూన్‌వనీ, కళ్లు కృత్రిమమైనవనీ, కింది భాగం పెద్ద చేపదనీ చెప్పాడు. రహస్యంగా ఉంచాలన్న షరతు మీద చూపించినా విషయం పత్రికలకు ఎక్కింది. ఎక్కినా ఇరవై ఏళ్ల తరువాత అదే దేహం, కనీసం బర్నమ్ మాట ప్రకారం అదే దేహం, న్యూయార్క్‌లో మళ్లీ కాసులు కురిపించింది.

ఇప్పటి పరీక్షల్లో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించినది జపాన్‌లో జరిగినది. ఒకాయామా ప్రాంతంలోని అసాకుచి అనే ఊళ్లో ఎంజూయిన్ అనే బౌద్ధ ఆలయం ఉంది. అక్కడ సుమారు 30 సెంటీమీటర్ల పొడవున్న సాగరకన్య మమ్మీని పెట్టెలో భద్రపరిచారు. సాగరకన్య మాంసం తిన్న ఒక స్త్రీ ఎనిమిది వందల ఏళ్లు బతికిందన్న గాథ జపాన్‌లో ప్రసిద్ధం కాబట్టి, అక్కడ దానికి దక్కిన గౌరవం అర్థం చేసుకోదగినదే. 1736–1741 నడుమ తోసా తీరంలో వలలో పడిందని చెప్పే చీటీ కూడా ఆ పెట్టెలోనే ఉంది. కురాషికీ విజ్ఞాన, కళల విశ్వవిద్యాలయం వారు 2022 ఫిబ్రవరిలో పరిశోధన మొదలుపెట్టి, సీటీ స్కాన్ చేసి, ఏడాది తరువాత ఫలితాలు ప్రకటించారు. లోపల వెన్నెముక లేదు, పక్కటెముకలు లేవు. తల నిండా దాదాపు దూదే. పైభాగమంతా గుడ్డ, కాగితం, దూదితో కట్టి, దాని మీద బుర్ర చేప చర్మమూ, జంతువుల వెంట్రుకలూ అతికించారు. దవడ ఒక మాంసాహార చేపది. కింది భాగానికి గొరక జాతి చేప తోలు. మెడలో లోహపు సూదులు. పొలుసుల వయసు లెక్కగడితే అది 1800ల చివర్లో చేసినదని తేలింది. అంటే బొమ్మ ఎంత అబద్ధమో, దానికి తోడుగా పెట్టెలో పెట్టిన చీటీ కూడా అంతే అబద్ధం. పనివాడి నేర్పు కంటే ఆ చీటీ రాసినవాడి నేర్పే గొప్పదనిపిస్తుంది నాకు.

మరొక సంగతి. లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో ఇలాంటిదే ఒకటి ఉంటే, దానిని చాలాకాలం కోతి మొండేనికి చేప తోక కుట్టినదిగా చెప్పుకున్నారు. స్కాన్ చేసి చూస్తే అందులో కోతి అన్నదే లేదు, చేప భాగాలు, కర్ర, తీగ, మట్టి, కాగితపు గుజ్జు ఉన్నాయి. సాగరకన్యను నమ్మనివారు కూడా "సగం కోతి, సగం చేప" అన్న మాటను పరీక్షించకుండానే ఒకరి నుంచి ఒకరు నమ్ముతూ వచ్చారన్నమాట. బర్నమ్ చూపించిన దేహం ఇప్పుడు లేదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయపు పీబాడీ మ్యూజియంలో కింబాల్ వారసుల నుంచి వచ్చినది ఒకటి ఉన్నా, రెండూ ఒకటేనని నిరూపించే ఆధారం లేదు.

అతిగా అనుమానించడం వల్ల వచ్చే చిక్కు కూడా చెప్పాలి. ఆస్ట్రేలియా నుంచి బాతు ముక్కు, బొచ్చు ఒళ్లు ఉన్న ప్లాటిపస్ తోలు ఇంగ్లండుకు చేరినప్పుడు, 1799లో దాన్ని వర్ణించిన ప్రకృతిశాస్త్రవేత్త జార్జ్ షా, ఎవరో ముక్కును అతికించి ఉంటారేమోనన్న సందేహాన్ని దాచుకోలేదు. తూర్పు దేశాల ఓడల మీద వచ్చే నకిలీ సాగరకన్యల కోవలోనే పండితులు దీన్నీ చేర్చబోయారని శరీరశాస్త్రవేత్త రాబర్ట్ నాక్స్ 1823లో రాశాడు. దొంగ జీవులు అంతగా తిరగకపోయి ఉంటే, నిజమైన జీవికి ఆ పరీక్ష తప్పేది.

ప్రశ్న: మా బడి పిల్లలను హంపీకి విహారయాత్రకు తీసుకువెళ్లాము. విఠలాలయం స్తంభాల మీద యాళిని చూసి ఒక విద్యార్థి, "ఇది కూడా అబద్ధపు జంతువేనా, మాస్టారూ?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు. అసలు మనుషులు ఊహించే ప్రతి వింత జీవిలోనూ తెలిసిన జంతువుల ముక్కలే ఎందుకుంటాయి?
— ఒక ఉపాధ్యాయుడు, హిందూపురం

జవాబు: మీ విద్యార్థి చాలా మంచి ప్రశ్న వేశాడు. రెండో ప్రశ్నతో మొదలుపెడదాం.

మన తార్కికులు ఎప్పుడూ ఎత్తి చూపే ఉదాహరణ కుందేటి కొమ్ము. కుందేలు ఉంది, కొమ్మూ ఉంది, లేనిదల్లా ఆ రెండింటి కలయిక. ఊహ చేసే పని చాలావరకు ఈ కలపడమే. సింహపు ఒంటికి ఏనుగు తొండం కలిపితే యాళి, మొసలి నోటికి తొండమూ చేప తోకా కలిపితే మకరం. కల్పిత జంతువు నిజమైనదిగా కనిపించాలంటే వేటకుక్క తల, పిల్లి కళ్లు, ముళ్లపంది చెవులు, సింహం కనుబొమలు, తాబేలు మెడ తీసుకోమని లియొనార్డో డావించి చిత్రకారులకు సలహా ఇచ్చాడు. ఇది పాతకాలపు మనుషుల పరిమితి అనుకోవడానికి కూడా లేదు. 1994లో థామస్ వార్డ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, వేరే గ్రహం మీది జీవులను మీ ఇష్టం వచ్చినట్టు గీయమని కళాశాల విద్యార్థులకు చెబితే, ఎక్కువమంది కుడిఎడమలు సమానంగా ఉండి, కళ్లూ కాళ్లూ ఉన్న జంతువులనే గీశారు. ఏ హద్దూ పెట్టకపోయినా, చేతులు తెలిసిన దారిలోనే నడిచాయి.

ముక్కలను కలిపినంత మాత్రాన జీవి బతకదని కూడా పెద్దలు ఏనాడో గమనించారు. గుర్రానికి మూడేళ్లకే పూర్తి వయసు వస్తుంది, ఆ వయసులో మనిషి బిడ్డ ఇంకా తల్లిపాల కోసం కలవరిస్తుంటాడు, ఈ రెండూ ఒకే ఒంట్లో ఎలా ఇముడుతాయి అని రోమన్ కవి లుక్రీషియస్ అశ్వమానవుల గురించి రెండు వేల ఏళ్ల కిందటే ప్రశ్నించాడు. సాగరకన్య విషయంలోనూ ఇలాగే అడగవచ్చు. వెచ్చని నెత్తురున్న మొండెం, కొవ్వు పొర లేకుండా, చల్లని సముద్రంలో ఎంతసేపు నిలుస్తుంది?

ఇక ఆ కుర్రవాడి ప్రశ్న. యాళి అబద్ధం కాదని నా సమాధానం, ఎందుకంటే దాన్ని చెక్కిన శిల్పి, ఇది ఫలానా అడవిలో పట్టుబడిందని ఎక్కడా రాసి పెట్టలేదు. పదిహేనో శతాబ్దపు ఒడియా కవి సారళా దాసు మహాభారతంలో నవగుంజరం కనిపిస్తుంది. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక, ఏనుగు, పులి, గుర్రాల కాళ్లు. నాలుగో కాలు ఉండవలసిన చోట పద్మం పట్టిన మనిషి చేయి. బాణం ఎక్కుపెట్టిన అర్జునుడు ఆ చేతిని చూసి, ఇలాంటి జంతువు లోకంలో ఉండదు, ఇది భగవంతుడే అని గుర్తుపట్టి విల్లు దించుతాడు. ఆ జీవి లేదన్న ఎరుకే అక్కడ కథను నడిపిస్తుంది. బర్నమ్ దగ్గర అర్జునుడికి తావు లేదు. తావిస్తే టిక్కెట్లు అమ్ముడుపోవు.

ఊహించిన రూపాలు కాలంతో మారుతుంటాయన్నది కూడా పిల్లలకు చెప్పదగిన మాట. ప్రాచీన గ్రీకు పాత్రల మీద గీసిన సైరన్లకు పక్షి ఒళ్లు ఉంటుంది. వాటికి చేప తోక మధ్యయుగంలో వచ్చి చేరింది. థాయిలాండ్ రామకథలో రావణుడి కూతురు సువర్ణమత్స్య వారధి పనిని పాడుచేయబోయి హనుమంతుణ్ణి వలచి ఒక కొడుకును కంటే, మన మైరావణ కథలో హనుమంతుడి చెమటను మింగిన చేప కడుపున మత్స్యవల్లభుడు పుట్టాడు.

ప్రశ్న: అమెరికాలో ఒక టీవీ చానల్ సాగరకన్యల శరీరం దొరికిందని డాక్యుమెంటరీయే వేసిందని మా పిల్లలు అంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: వేసిన మాట నిజం, శరీరం దొరికిన మాట అబద్ధం. 2012లో యానిమల్ ప్లానెట్ ప్రసారం చేసిన ఆ కార్యక్రమంలో శాస్త్రజ్ఞులుగా కనిపించినవారు నటులు. కల్పితమన్న మాటను పైపైన తెలిపి వదిలేశారు. నిజమా అని అడుగుతూ జనం ఉత్తరాలు రాయడంతో, మనిషిని పోలిన జలచరాలు ఉన్నట్టు ఎన్నడూ ఆధారం దొరకలేదని అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ ప్రకటించవలసి వచ్చింది. ఆ ప్రకటన తరువాత, 2013లో వేసిన రెండో భాగాన్ని 36 లక్షల మంది చూశారు. 1822లో క్లిఫ్ట్ మాట ఎంత పనిచేసిందో ఇదీ అంతే పనిచేసింది.

ప్రశ్న: 2004 సునామీ తరువాత మెరీనా బీచికి సాగరకన్య కొట్టుకువచ్చిందనీ, ఎగ్మూరు మ్యూజియంలో దాచారనీ ఫొటోలతో ఈమెయిళ్లు వచ్చేవి. అది సముద్రపు ఆవు అయి ఉంటుందని కొందరు అంటారు. నావికులు కూడా దాన్ని చూసే భ్రమపడ్డారట కదా?
— ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: ఆ ఫొటోలు సునామీ రావడానికి ముందే వేరే దేశం పేరుతో ఇంటర్నెట్‌లో తిరిగాయి. అందులో ఉన్నది చేత్తో చేసిన బొమ్మ, సముద్రపు ఆవు కాదు. మ్యూజియంలో అలాంటిది ఏదీ లేదు. ఘోరమైన విపత్తు తరువాత సముద్రం ఏదైనా బయటపెట్టగలదన్న భయం అందరిలో ఉన్న రోజులు కనుక ఆ మాట చెల్లుబాటయింది.

నావికుల సంగతికొస్తే, కరీబియన్ సముద్రంలోని హిస్పానియోలా దీవి దగ్గర ముందు రోజు మూడు సాగరకన్యలు నీటి పైకి రావడం చూశానని కొలంబస్ దినచర్యలో 1493 జనవరి 9 నాటి పుటలో ఉంది. బొమ్మల్లో వేసేంత అందంగా లేవనీ, ముఖం మాత్రం కాస్త మనిషి ముఖంలా ఉందనీ అందులో రాశాడు. అవి నీటిలో గడ్డి మేసే మనాటీ అనే జంతువులే అయి ఉంటాయని పండితుల అభిప్రాయం. సముద్రపు ఆవు, అంటే డ్యుగాంగ్, వాటికి దగ్గరి చుట్టమే. రొమ్ములు మనుషులకు లాగానే ముందు భాగంలో, చంకల దగ్గర ఉంటాయి. ఊపిరి కోసం తల పైకెత్తుతుంది. దూరం నుంచి, అలల నడుమ, సాయంత్రపు వెలుగులో చూసినవారు భ్రమపడి ఉండవచ్చు. కాని ప్రతి సాగరకన్య కథకూ ఇదే మూలమని చెప్పడం నాకు సమ్మతం కాదు. కొలంబస్ మనాటీని చూడకముందే సాగరకన్య బొమ్మలను చూసి ఉన్నాడు, కనుకనే పోల్చగలిగాడు. జపాన్‌లో దూదితో బొమ్మ కట్టినవాడికి డ్యుగాంగ్‌తో అవసరమే కలగలేదు.

డ్యుగాంగ్‌ను చూడాలన్న కోరిక ఉంటే అది మీకు మరీ దూరంలో లేదు. మూడు మీటర్ల వరకు పెరిగి, సముద్రపు గడ్డి మేసి బతికే ఆ జంతువు పాక్ అఖాతంలో, మన్నార్ సింధుశాఖలో, కచ్ తీరంలో, అండమాన్ దీవుల దగ్గర ఇంకా మిగిలి ఉంది. 2022 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్ల మేర దేశంలోనే మొదటి డ్యుగాంగ్ సంరక్షణ కేంద్రాన్ని ప్రకటించింది. వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి కనుక పట్టడం, చంపడం నేరం. వలలో పడిన డ్యుగాంగ్‌ను ప్రాణాలతో తిరిగి నీటిలో వదిలిన జాలరులకు అటవీ శాఖ బహుమతులు ఇస్తోంది.